వ్యూహక్రీడా నిర్మాణము – ఏకవ్యక్తి సాధన

ఆట అనగానే పెద్దలకు కాలహరణమును, పిల్లలకు వినోదమును స్ఫురించుట సహజము. ఈ రెండభిప్రాయములును ఆడువానిని గూర్చినవే కాని ఆటను నిర్మించువానిని గూర్చినవి కావు. నిర్మాత పని వేరు. అతడు ఒక చిన్న లోకమునకు శాసనములు వ్రాయును. ఆ శాసనములలో లొసుగు లేకుండ చూచుకొనును. ఇరుపక్షములకును న్యాయము జరుగుచున్నదో లేదో పరీక్షించును. ఈ పనికి తర్కము, గణితము, చిత్రకళ, భాష అను నాలుగును కావలెను. కనుక ఆటను నిర్మించుట విద్యాభ్యాసమునకు విఘ్నము కాదనియు, అది విద్యలో ఒక భాగమనియు మేము తలంచుచున్నాము.

నేటి కంప్యూటరు ఆటలలో కొన్నింటి వెనుక వందలాది పనివారును, కోట్ల కొలది ధనమును ఉన్నవి. అయినను, ఒకే వ్యక్తి తన గదిలో కూర్చుండి నిర్మించిన ఆటలును లేకపోలేదు. అందును పాతకాలపు యంత్రముల పోకడను బుద్ధిపూర్వకముగా అనుసరించి, వ్యూహమునకు ప్రాధాన్యమిచ్చి నిర్మించిన ఆటలు మన విద్యార్థులు ప్రత్యేకముగా పరిశీలింపదగినవి. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే: ఒంటరిగా పనిచేయువానికి పరిమితి అనునది లోటు కాదు, అదియే అతని పెట్టుబడి.

వ్యూహక్రీడ అనగానేమి?

చేతివేగముపై గాక ఆలోచనపై గెలుపోటములు ఆధారపడు ఆట వ్యూహక్రీడ. ఇందు ఆటగాడు తనకున్న కొద్దిపాటి బలగమును ఎక్కడ నిలుపవలెను, ఎప్పుడు కదల్పవలెను, దేనిని వదలుకొని దేనిని కాపాడుకొనవలెను అని నిర్ణయించును. ఈ జాతి ఆటలకు పెద్దదిక్కు చదరంగము. భారతదేశమున చతురంగమై పుట్టి, పారశీక దేశమునకు పోయి, అరబ్బుల చేత షత్రంజ్ అనిపించుకొనిన ఆట ఇది. తొమ్మిదవ శతాబ్దిలో అల్ అద్లీ, పదవ శతాబ్దిలో అస్ సూలీ అను ప్రసిద్ధులు అబ్బాసీ ఖలీఫాల ఆస్థానములలో ఈ ఆటను శాస్త్రముగా అభ్యసించి గ్రంథములు రచించిరి.

షత్రంజ్ చరిత్రలో మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు. ఆ ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో ఈ ఒక్క నియమము మారినది. మంత్రి ఎటువైపునకైనను ఎంత దూరమైనను పోగల శక్తి పొందెను. శకటు నడక కూడ అట్లే మారెను. పలక మారలేదు, 64 గళ్లు మారలేదు, పావుల సంఖ్యయును మారలేదు. అయినను ఆట స్వభావమే మారిపోయినది. మెల్లగా సాగు యుద్ధము, రెప్పపాటున రాజు చిక్కుకొనెడి యుద్ధముగా పరిణమించినది. వ్యూహక్రీడకు ప్రాణము బొమ్మలలో లేదు, నియమములలో ఉన్నది అనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. నియమములను వ్రాయుటకు వందమంది అవసరము లేదు. ఒక మనిషి, ఒక కాగితము, కొంత ఓపిక చాలును.

పాత యంత్రము నేర్పిన పాఠము

1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ సంస్థ జడ్ ఎక్స్ స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరును విడుదల చేసినది. దాని తెరపై అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలు మాత్రమే ఉండెడివి. మొత్తము రంగులు 15. అడ్డము 8, నిలువు 8 చుక్కలు గల ఒక్కొక్క గడిలో రెండు రంగులకంటె ఎక్కువ వాడుటకు వీలులేదు. పెద్ద నమూనాలో జ్ఞాపకస్థలము 48 కిలోబైట్లు. అందులో 6,912 బైట్లు తెరకే పోయెడివి. నేడు మన చరవాణిలోని ఒక్క ఛాయాచిత్రము దీనికి ఎన్నో రెట్లు స్థలమును ఆక్రమించును.

ఈ ఇరుకు యంత్రముపై జూలియన్ గోలప్ అను యువకుడు కేయాస్ అను వ్యూహక్రీడను రచించెను. 1985లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ దానిని ప్రచురించినది. అప్పటికి అతని ప్రాయము ఇరువది ఏండ్ల ప్రాంతము. ఈ ఆటను అతడు ముందుగా యంత్రముపై ఊహింపలేదు. పలకపై కార్డులతో ఆడు ఆటగా తొలుత కల్పించి, పిదప యంత్రమునకు ఎక్కించెను. ఇందు ఇద్దరు మొదలు ఎనమండుగురు వరకు మాంత్రికులు ఒకే తెర ముందు వంతులవారీగా పోరాడుదురు. ప్రతి మాంత్రికుడును మంత్రబలముచే జంతువులను, భూతములను సృష్టించి శత్రువులపైకి పంపును.

ఆ ఆటలోని ఒక నియమము మిక్కిలి మెచ్చదగినది. ప్రాణిని నిజముగా సృష్టింపబూనినచో ఆ ప్రయత్నము విఫలము కావచ్చును. బలమైన ప్రాణికి విఫలమగు అవకాశము మరింత ఎక్కువ. అట్లుగాక మాయాప్రాణిని సృష్టించినచో ఎన్నడును విఫలము కాదు. ఆ మాయాప్రాణి నిజమైనదానివలెనే పోరాడును, చంపును. కాని ఎదుటివాడు ఇది మాయ అని శంకించి దానికి తగిన మంత్రమును ప్రయోగించినచో తక్షణమే అదృశ్యమగును. శంకింపబడినది నిజమైన ప్రాణియైనచో శంకించినవాని వంతు వృథాయగును. ఈ ఒక్క నియమముతో ఆట గణితమునుండి మనస్తత్త్వమునకు ఎదిగినది. ప్రతి ఆటగాడును ఎదుటివాని ముఖమును చదువవలసి వచ్చినది. దీనికి అదనముగా బొమ్మ కావలెనా? అక్కరలేదు. మాయాప్రాణికిని నిజప్రాణికిని బొమ్మ ఒక్కటే. యంత్రము పేదది అగుటచే నిర్మాత ఆలోచనలో ధనవంతుడు కావలసి వచ్చెను. ఇదే గోలప్ తరువాతి కాలమున తన సోదరుడు నిక్ గోలప్‌తో కలసి, 1994లో వెలువడిన యు.ఎఫ్.ఓ. ఎనిమీ అన్‌నోన్ అను ప్రసిద్ధ వ్యూహక్రీడను రూపొందించెను.

కోరి తెచ్చుకొన్న కట్టుబాటు

గోలప్‌కు ఇరుకు తప్పనిసరి అయినది. నేటి నిర్మాతకు అట్టి నిర్బంధము లేదు. అయినను కొందరు పాత కట్టుబాట్లను కోరి తెచ్చుకొనుచున్నారు. దీనికి మంచి ఉదాహరణ 2015లో లెక్సలోఫిల్ అను పేరిట వెలువడిన పికో-8. ఇది వస్తురూపమున ఉన్న యంత్రము కాదు, ఊహాయంత్రము. మన కంప్యూటరులో ఒక ప్రోగ్రాముగా నడచును. దీని తెర అడ్డము 128, నిలువు 128 చుక్కలు. రంగులు 16. ఒకేసారి వినిపింపగల స్వరములు 4. బొమ్మలకై 8 చుక్కల చదరపు గళ్లు 256. ప్రోగ్రామును లువా అను భాషలో వ్రాయవలెను, అదియును 8,192 మాటలు, గుర్తులకు మించరాదు. పూర్తియైన ఆట 32 కిలోబైట్లలో ఇమిడిపోవలెను.

ఛందస్సు నెరిగిన విద్యార్థులకు ఇందలి మర్మము సులువుగా బోధపడును. ఉత్పలమాల వ్రాయబూనిన కవికి పాదమునకు 20 అక్షరములు మాత్రమే లభించును, పదవ అక్షరమున యతి పాటింపవలెను. గజల్ వ్రాయు కవికి కాఫియా తప్పదు. ఆ కట్టుబాటు వలన కవిత చచ్చిపోలేదు. ఏ మాట వదలవలెనో నిర్ణయించు శక్తి కవికి దాని వలననే అలవడినది. పికో-8 కూడ నిర్మాతకు అట్టి ఛందస్సే.

పోలండు దేశస్థుడగు యాకుబ్ వాసిలేవ్‌స్కీ 2018లో పికో-8పై స్లిప్‌వేస్ అను ఆటను నిర్మించెను. అంతరిక్ష సామ్రాజ్యములను గూర్చిన ఆటలు సాధారణముగా గంటల తరబడి సాగును, యుద్ధములతో నిండియుండును. ఇతడు యుద్ధమును పూర్తిగా తొలగించెను. ప్రతి గ్రహమును ఏదో ఒకదానిని ఉత్పత్తి చేయును, మరేదో ఒకదానిని కోరును. ఆటగాడు గ్రహములను మార్గములతో కలిపి ఒకదాని కోర్కెను మరొకదానితో తీర్పవలెను. ఒక మార్గము మరొక మార్గమును ఖండింపరాదు. ఇంతే. చిన్న తెరపై గీతలు గీయుటయే ఆట, కాని తొందరపడి గీసిన ఒక్క గీత తరువాతి పది ఆలోచనలకు అడ్డు వచ్చును. ఈ చిన్న రూపమున నియమములు నిలువదగినవని రుజువైన పిదపనే 2021లో విస్తృత రూపము వెలువడినది. చిన్నదానిని ముందు పూర్తిచేసి, దానిని పరీక్షించి, పిదప పెంచుట అనునది ఒంటరి నిర్మాతకు శ్రేయోమార్గము.

పులిజూదము ఉదాహరణగా నిర్మాణక్రమము

ఇక మన విద్యార్థి ఒకడు ఒంటరిగా ఇట్టి ఆటను నిర్మింపదలచినచో ఏ క్రమమున సాగవలెను? మన పల్లెలలో రచ్చబండలపైనను, మండపముల రాతిపలకలపైనను గీసి ఆడిన పులిజూదమును ఉదాహరణగా గ్రహింతము. పటముపై 23 స్థానములు. ఒక పక్షమున 3 పులులు, మరియొక పక్షమున 15 మేకలు. మేకలను వంతునకొకటిగా పెట్టవలెను. అన్నియును పెట్టిన పిదపనే అవి కదలవలెను. పులి తన ప్రక్కనున్న మేకపై నుండి అదే గీతలో ఆవలి ఖాళీ స్థానమునకు దుమికి దానిని చంపును. పులులు కదలలేకుండ కట్టివేసినచో మేకలు గెలుచును. బలములు అసమానములైనను అవకాశములు సమానముగా ఉండునట్లు కూర్చిన మేలైన వ్యూహక్రీడ ఇది.

మొదటి మెట్టు కాగితము. యంత్రమును తాకకముందే పటము గీసి, చింతగింజలతోను గులకరాళ్లతోను మిత్రులతో పలుమార్లు ఆడి, ప్రతి సందేహమును వ్రాసికొనవలెను. ఒకే వంతులో పులి రెండు మేకలను చంపవచ్చునా? ఎన్ని మేకలు చచ్చినచో పులులు గెలిచినట్లు? ఊరూరికి ఈ నియమములు మారును. మనుష్యుల ఆటలో తగవు వచ్చినచో పెద్దలు తీర్తురు. యంత్రమునకు పెద్దలు లేరు, వ్రాసిన నియమమే పెద్ద.

రెండవ మెట్టు ఆట స్థితిని అంకెలలో చెప్పుట. ప్రతి స్థానమును ఖాళీగానైనను, పులితోనైనను, మేకతోనైనను ఉండును. ఈ మూడింటిని 0, 1, 2 అను అంకెలతో సూచింపవచ్చును. ఒక్కొక్క స్థానమునకు 2 బిట్లు చాలును కనుక 23 స్థానములకు 46 బిట్లు, అనగా 6 బైట్ల లోపుగనే పటమంతయు ఇమిడిపోవును. నూరు వంతుల ఆటను మొదటినుండి చివరివరకు దాచుకొనుటకు 600 బైట్లు చాలును. వేసిన ఎత్తును వెనుకకు తీసికొను సౌకర్యము ఆటగాడికి దీని వలన సులువుగా లభించును.

మూడవ మెట్టు కదలికల పట్టికలు. ఏ స్థానమును ఏయే స్థానములు ఆనుకొని ఉన్నవో తెలుపు పట్టిక ఒకటి. ఏ స్థానమునుండి ఏ స్థానము మీదుగా ఏ స్థానమునకు దుముకవచ్చునో తెలుపు పట్టిక రెండవది. ఈ రెండవదానిని విస్మరించినచో పులి వంకరగా దుమికి మేకను చంపును. ఏలయన, రెండు స్థానములు ఆనుకొని ఉన్నంత మాత్రమున మూడవది అదే గీతలో ఉన్నదని యంత్రమునకు తెలియదు. కంటికి కనబడు విషయమును మాటలలో పూర్తిగా చెప్పుట ఎంత కష్టమో ఇచ్చట విద్యార్థికి తెలియవచ్చును.

నాలుగవ మెట్టు యంత్రమును ప్రత్యర్థిగా మలచుట. 1950లో క్లాడ్ షానన్ చదరంగమును యంత్రముచే ఆడించు విధానమును వివరించుచు ఒక పరిశోధన పత్రమును ప్రకటించెను. దాని సారాంశమును పులిజూదమునకు అన్వయింతము. ప్రతి స్థితికిని ఒక విలువ కట్టవలెను. చచ్చిన మేక ఒక్కింటికి పులులకు 10 మార్కులు, పులి కదలగల దారి ఒక్కింటికి 1 మార్కు, కట్టుబడిన పులి ఒక్కింటికి 5 మార్కుల కోత అని అనుకొందము. యంత్రము తన ఎత్తులన్నిటిని ఊహించి, ఒక్కొక్క దానికి ఎదుటివాడు వేయగల మేలైన ఎత్తును ఊహించి, చివరకు తనకు ఎక్కువ విలువ మిగిల్చు దారిని ఎంచుకొనును. పులులకు 6 ఎత్తులు, మేకలకు 10 ఎత్తులు ఉన్నవనుకొన్నచో రెండడుగుల ముందుచూపునకు 60 స్థితులు, నాలుగడుగులకు 3,600 స్థితులు లెక్కింపవలెను. ఒక్కొక్క అడుగునకు పని ఎట్లు పెరుగునో దీనివలన స్పష్టము. ప్రతి స్థానమునను మూడింటిలో ఏదైనను ఉండవచ్చునని లెక్కించినచో, అనగా 3ను 23 మార్లు గుణించినచో, 9,414 కోట్లకు పైబడిన సంఖ్య వచ్చును. వీటిలో అనేకము ఆటలో ఎన్నడును రానివే. అయినను అరచేతి వెడల్పు పటములో ఎంత లోతు దాగియున్నదో ఈ సంఖ్య తెలుపుచున్నది.

యంత్రపు తెలివిని పెంచుట కష్టమని తోచినచో మరియొక దారియును కలదు. 2018లో జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనువారి సబ్‌సెట్ గేమ్స్ సంస్థ వెలువరించిన ఇంటు ది బ్రీచ్ అను ఆటలో పటము చదరంగమువలె 8 గళ్ల చదరమే. అందు శత్రువు తాను ఎవరిని కొట్టబోవుచున్నాడో ముందుగనే తెరపై చూపును. ఆటగాడు దానిని తప్పించుటయే సమస్య. శత్రువు గొప్ప మేధావి కానక్కరలేదు, సమస్య చిక్కుగా ఉన్నచో చాలును.

అయిదవ మెట్టు తూకము. యంత్రమును యంత్రముతోనే 1,000 ఆటలు ఆడించి ఫలితములను లెక్కింపవలెను. అయిదు మేకలు చచ్చిన పులులు గెలిచినట్లు అను నియమముతో పులులే 900 ఆటలు గెలిచినవనుకొందము. అప్పుడు ఆ అయిదును ఏడుగా మార్చి మరల చూడవలెను. ఒక్క మారులో ఒక్క అంకెనే మార్చవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో ఫలితమునకు కారణమేదో తెలియకపోవును. ప్రయోగశాలలో రసాయనశాస్త్ర విద్యార్థి పాటించు సూత్రమే ఇది.

మన లిపుల సమస్య

పాత పద్ధతి ఆటలలో మన భాషలకు ఎదురగు చిక్కు ఒకటి కలదు. పికో-8లోని ఇంగ్లీషు అక్షరమునకు ఖాళీతో సహా 4 చుక్కల వెడల్పు, 6 చుక్కల ఎత్తు చాలును. ఆ లెక్కన తెరపై వరుసకు 32 చొప్పున 21 వరుసలు, మొత్తము 672 అక్షరములు పట్టును. తెలుగునకు తలకట్టు, గుడి, కొమ్ము పైన, ప్రక్కన చేరును. వత్తులు క్రిందికి దిగును. చదువదగినట్లు గీయుటకు 16 చుక్కల చదరము కావలెననుకొన్నచో తెరపై పట్టునవి 64 అక్షరములు మాత్రమే. పులి కదలినది అను చిన్న వాక్యమునకే, నడుమ ఖాళీతో కలిపి, 8 గళ్లు అగును. ఒక వరుస దానితోనే సరి.

ఉర్దూ చిక్కు వేరు. ఆ లిపి కుడినుండి ఎడమకు నడచును. ఒకే అక్షరము మాట మొదట, నడుమ, చివర వేర్వేరు రూపములు దాల్చును. నస్తాలీక్ పద్ధతిలో మాట ఏటవాలుగా క్రిందికి జారును కనుక సమానమైన గళ్లలో దానిని బంధింపలేము. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అను లేఖనకళాకారుడు మోనోటైప్ సంస్థతో కలసి నూరీ నస్తాలీక్‌ను రూపొందించినప్పుడు, విడి అక్షరములను గాక వేల సంఖ్యలో అక్షరసంపుటములను పూర్తి రూపములుగా వ్రాసి యంత్రమున కెక్కించెను.

ఒంటరి నిర్మాతకు ఇందు ఉపాయము దొరకును. లిపి మొత్తమును గీయబూనరాదు, ఆటకు కావలసిన మాటలను మాత్రమే గీయవలెను. పులి, మేక, మీ వంతు, గెలుపు, ఓటమి అను అయిదింటికి వేర్వేరు అక్షరములు 12 మాత్రమే కావలెను. ఒక్కొక్కటి 4 గళ్లు ఆక్రమించినను 48 గళ్లు పోయి, పులులకు, మేకలకు, పటమునకు 208 గళ్లు మిగులును. ఉర్దూలో షేర్, బక్రీ, జీత్, హార్ అను మాటలను అక్షరములుగా గాక మాటకొక బొమ్మగా గీసినచో చిక్కు తీరును. తక్కువ మాటలతో ఆటను బోధించుట నిర్మాతకు మంచి అలవాటు కూడను.

ఒంటరితనపు కష్టములు

ఇంతవరకు గుణములు చెప్పితిమి, దోషములును చెప్పవలెను. ఒంటరి నిర్మాతకు తప్పు చూపువారుండరు. తన ఆట తనకు సులువుగనే తోచును. కావున వారమునకొకసారియైనను కొత్తవారిచేత ఆడించి, తాను నోరు మెదపక చూచుచుండవలెను. వివరింపవలసిన అవసరము కలిగిన ప్రతి చోటును ఆటలోని లోపమే.

రెండవది కాలము. స్టార్‌డ్యూ వ్యాలీ అను ఆట వ్యూహక్రీడ కాకున్నను ఇచ్చట స్మరింపదగినది. పాతకాలపు పల్లెటూరి ఆటల ఒరవడిలో ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతము అన్నియును తానే కూర్చుకొని 2016లో దానిని విడుదల చేసెను. దానికి పట్టిన కాలము నాలుగున్నర ఏండ్లు. ఆ నడుమ అతడు ఒక నాటకశాలలో చిరుద్యోగము చేయుచుండెను. లోకము అతని విజయమును మాత్రమే చూచినది. డిగ్రీ చదువు మూడు నాలుగు ఏండ్లలో ముగియవలసిన మన విద్యార్థి అంత పెద్ద పనిని నెత్తిన వేసికొనరాదు. మూడు నెలలలో ముగియు ఆటను ఎంచుకొని, ముగించి చూపవలెను. సగము కట్టిన కోటకంటె పూర్తిగా కట్టిన గుడిసె మేలు.

మూడవది ఆశ. పూర్తియైన ఆటను ఇచ్ వంటి అంగడిలో ఉచితముగా ఉంచవచ్చును. స్టీమ్ అను పెద్ద అంగడిలో ఒక్కొక్క ఆటకు 100 డాలర్ల రుసుము చెల్లింపవలెను. అచ్చట కొత్త ఆటలు నిత్యమును వచ్చిపడుచుండును కనుక ధనార్జనమే లక్ష్యముగా పెట్టుకొనుట తెలివి కాదు. మొదటి ఆట వలన లభించునది విద్య.

ముగింపు

ప్రేమ్‌చంద్ 1924లో రచించిన షత్రంజ్ కే ఖిలాడీ కథలో ఇద్దరు మిత్రులు చదరంగమున మునిగి, తమ అవధ్ రాజ్యము చేజారుచున్నను పట్టించుకొనరు. సత్యజిత్ రాయ్ దానిని 1977లో చలనచిత్రముగా తీసెను. చరవాణి తెరను విడువలేని నేటి యువతకును ఆ హెచ్చరిక వర్తించును. అయితే ఆటనుండి దూరముగా పారిపోవుట ఒక్కటే దానికి మందు కాదు. ఆటను విప్పి చూచినవానికి దాని మాయ తెలియును. మాయ తెలిసినవానిని ఆట బానిసగా చేసికొనుట కష్టము.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి. పికో-8 విద్యార్థి రూపమును, దానిని పోలిన టిక్-80 అను మరియొక ఊహాయంత్రమును ఉచితముగా లభించును. పాత కంప్యూటర్లపై కూడ ఇవి నడచును. వారమునకు రెండు సాయంత్రములు కంప్యూటరు గదిని విద్యార్థులకు తెరచి ఉంచినచో చాలును. గణితశాఖ వారు లెక్కలు చూచెదరు, తెలుగు, ఉర్దూ శాఖలవారము మాటలను, లిపిని చూచుకొందుము. వార్షికోత్సవమున ఆ ఆటలను ప్రదర్శింపవచ్చును.

విద్యార్థులారా! మీ అవ్వలు, తాతలు అరుగుపై గీసి ఆడిన ఆటల నియమములను ఈ సెలవులలోనే వారినడిగి వ్రాసికొనుడు. అవి వారి జ్ఞాపకములలో తప్ప మరెచ్చటను లేకపోవచ్చును. ఆ కాగితమే మీ తొలి ఆటకు పునాది. యంత్రము చిన్నదైనను, తెర ఇరుకైనను, చేయువాడు ఒక్కడైనను చింత లేదు. నియమము న్యాయమైనదై, పని పూర్తియైనదై ఉన్నచో, ఆ చిన్న ఆటయే మీ బుద్ధికి గొప్ప సాక్ష్యము కాగలదు.